పరుగు యాప్ గురించి, అత్త నుంచి అమ్మలుకి

అమ్మలూ,

కొత్తగా పరుగు మొదలుపెట్టేవాళ్ళ కోసం నువ్వు చేస్తున్న యాప్ స్క్రీన్లన్నీ చూశానే, రంగులు బావున్నాయి, అక్షరాలు కూడా పెద్దగా పెట్టావు, కానీ ఇన్ని స్క్రీన్లు దాటితే గానీ పరుగు మొదలవ్వట్లేదు కదమ్మా. నీ యాప్ వాడేవాళ్ళు కుర్చీలో కూర్చుని ఫోన్ చూడరు, ఆయాసపడుతూ, చెమట చేతులతో, ఒక కన్ను రోడ్డు మీద పెట్టి చూస్తారు. ఏ స్క్రీన్ గీసినా ముందు ఆ మనిషిని తలుచుకో.

పొద్దున్నే మన వైజాగ్ బీచ్ రోడ్డులో బండ్లు ఆపేసిన టైములో ఎంతమంది కొత్తవాళ్ళు వస్తారో నీకు తెలుసుగా. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ ఉన్నారు, యాభై దాటాయి, ఆవిడ కూతురు ఫోన్లో ఏదో యాప్ వేసి పంపించింది. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా నిలబడి ఓపెన్ చేశారు, ముందు మెయిల్ ఐడీ అడిగింది, తర్వాత ఓటీపీ, తర్వాత బరువు ఎంత, నీ గోల్ ఏంటి అని. కళ్ళద్దాలేమో ఇంట్లో ఉండిపోయాయి. కాసేపు చూసి ఫోన్ బ్యాగులో పడేసి నడుచుకుంటూ వెళ్ళిపోయారు. అందుకే లాగిన్ తీసెయ్. వాళ్ళు పరిగెట్టిన లెక్క వాళ్ళ ఫోన్లోనే ఉండనీ. లొకేషన్ పర్మిషన్ కూడా ఓపెన్ చెయ్యగానే అడక్కు, స్టార్ట్ నొక్కినప్పుడు, ఎందుకో ఒక్క ముక్కలో చెప్పి అడుగు.

ప్లాన్ నువ్వు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. 1996లో జోష్ క్లార్క్ అనే ఆయన వాళ్ళమ్మ చేత పరిగెట్టించాలని కౌచ్ టు 5కే అని, అంటే సోఫాలోంచి లేచి 5 కిలోమీటర్లు పరిగెట్టేదాకా, ఒక ప్లాన్ తయారుచేశాడు, 9 వారాలు, వారానికి 3 రోజులు. మొదటి వారం 5 నిమిషాలు వడివడిగా నడక, ఆ తర్వాత 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, అలా మార్చి మార్చి 20 నిమిషాలు, అంతే. నువ్వు దూరం కాకుండా టైమే చూపించు. మన ఊళ్ళో మే నెలలో ఉక్కకి చెమట ఆరదు, నిన్నటి స్పీడే అయినా ఇవాళ గుండె ఎక్కువ కొట్టుకుంటుంది, పైగా పెదవాల్తేరు నుంచి బీచ్‌కి దిగేటప్పుడు ఉన్న పేస్, అదే కిలోమీటరుకి పట్టే టైము, మళ్ళీ ఎక్కేటప్పుడు ఎక్కడుంటుంది? అది చూసి కొత్తవాళ్ళు నావల్ల కాదు అనేసుకుంటారు. పక్కనున్నవాళ్ళతో మాట్లాడగలుగుతుంటే స్పీడు సరిపోయినట్టే అని మొదటిరోజే చెప్పు. వారం అయిపోయాక "ఇదే వారం మళ్ళీ చేస్తా" అనే బటన్ "తర్వాత వారం" బటన్ పక్కనే, అదే సైజులో ఉండాలి, కింద మూల ఎక్కడో చిన్నగా కాదు.

స్ట్రీక్, అదే వరసగా ఎన్ని రోజులు పరిగెట్టారో చూపించే లెక్క, మాత్రం వద్దమ్మా, గట్టిగానే చెప్తున్నా. రోజూ పరిగెట్టకపోతే లెక్క పోతుందని భయపెడితే మోకాలు నొప్పిగా ఉన్నా పరిగెడతారు, కొత్తవాళ్ళకి మధ్యలో రెస్ట్ ఉండి తీరాలి. రెస్ట్ రోజున "ఈరోజు రెస్ట్, మళ్ళీ పరుగు రోజున కలుద్దాం" అని చూపించు, చాలు.

ఇప్పుడు గొంతు సంగతి, నాకైతే యాప్ అంటే ఇదే. వాళ్ళు స్క్రీన్ చూడరు కాబట్టి చెవిలో చెప్పాలి, ఆ మెషీన్ గొంతు కాకుండా మీ అమ్మ చేత రికార్డ్ చేయించు, "పరిగెట్టండి", "ఇంకో పది సెకన్లే", "ఇంక నడవండి" అని తీరిగ్గా, గౌరవంగా. పాటలు వింటుంటే చెప్పేటప్పుడు మాత్రం పాట సౌండ్ తగ్గాలి, పూర్తిగా ఆగకూడదు. అలల హోరు, గాలి ఉన్నచోట ఆ మాట కూడా వినపడదు, అందుకని వైబ్రేషన్ కూడా పెట్టు, పరుగుకి రెండు పొట్టివి, నడకకి ఒక పొడుగుది, చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోవాలి. ఆపే బటన్ నొక్కి పట్టుకుంటేనే ఆగేట్టు చెయ్, పౌచ్‌లో రాసుకుని మధ్యలో ఆగిపోతే ఎంత ఉసూరుమంటుందో.

కోడ్ నువ్వే చూసుకుంటావు గానీ రెండు మూడు చెప్తా. సెకన్లు ఒక్కోటీ లెక్కపెట్టే టైమర్‌ని నమ్మకు, మొదలైన టైమ్ దాచుకుని ఇప్పటి టైమ్‌లోంచి తీసెయ్, లేకపోతే స్క్రీన్ ఆఫ్ అయ్యాక లెక్క తప్పుతుంది. ఆండ్రాయిడ్‌లో పైన నోటిఫికేషన్ కనపడే ఫోర్‌గ్రౌండ్ సర్వీస్‌గా నడిపించు, అయినా కొన్ని ఫోన్లు బ్యాటరీ కోసం యాప్‌ని చంపేస్తాయి, కాబట్టి ఎప్పటికప్పుడు సేవ్ చేస్తూ ఉండు. జీపీఎస్ ఇచ్చే ప్రతి పాయింట్‌తో పాటు అది ఎన్ని మీటర్లు అటూఇటూ ఉండొచ్చో కూడా వస్తుంది, మరీ ఎక్కువున్నవి పారెయ్, లేకపోతే కొబ్బరినీళ్ళ బండి దగ్గర నిలబడ్డా దూరం పెరుగుతూ ఉంటుంది.

మ్యాప్ అందరికీ కనపడేట్టు మాత్రం అస్సలు పెట్టొద్దు. 2017 నవంబర్‌లో స్ట్రావా అనే పరుగు యాప్ వాళ్ళు అందరి పరుగులూ కలిపి ఒక మ్యాప్ పెడితే, 2018 జనవరికల్లా అందులో మిలిటరీ స్థావరాలు ఎక్కడున్నాయో జనం పట్టేశారు. మనది తూర్పు నౌకాదళం హెడ్‌క్వార్టర్స్ ఉన్న ఊరు, నేవీ వాళ్ళూ వాళ్ళ ఇంట్లోవాళ్ళూ పరిగెడుతుంటారు. అదొక్కటే కాదు, ఒక ఆడపిల్ల రోజూ ఏ టైముకి ఏ సందులోంచి బయల్దేరుతుందో ఎవడికో ఎందుకు తెలియాలి? ఫోటోగా షేర్ చేసినా మొదలూ చివరా కొంత దూరం చెరిపేసి ఇవ్వు. ఇంట్లో ఒక్కరికి లైవ్ లొకేషన్ పంపే సౌకర్యం మాత్రం మంచిదే, కానీ రెండో వెర్షన్‌లో చూద్దువుగాని.

మొదటి వెర్షన్‌కి ఒక బటన్, ఒక గొంతు, 9 వారాల పట్టిక. ఇవి పని చేస్తే చాలు. రెడీ అవ్వగానే నాకు పంపు, ఆ అపార్ట్‌మెంట్ ఆవిడకే ముందు వేసి ఇస్తాను, నువ్వు కూడా రా, కానీ పక్కన నడుస్తూ ఏమీ చెప్పకుండా చూడు, ఎక్కడ ఆగి ఫోన్ బయటికి తీశారో అది రాసుకో.

మీ అత్త