ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టానని గ్రూపులో ఆడిపోసుకుంటున్నారు

ప్రశ్న: నా వయసు 29. సెలవు రోజుల్లోనూ పని చేయించుకుని పైసా ఇవ్వరని, ఆఫీసు పేరు చెప్పకుండా ఫేస్‌బుక్‌లో రాశాను. తెల్లారేసరికి దాని స్క్రీన్‌షాట్ మా టీమ్ వాట్సాప్ గ్రూపులో ఉంది. అప్పట్నుంచి నా పేరు ‘విప్లవం మేడమ్’. అన్నం తింటూ నోరు తెరిచి ఉన్న నా ఫొటోతో స్టిక్కర్ చేశారు. నేను ఏ మెసేజ్ పెట్టినా కింద అదే పడుతుంది. మేనేజర్ గ్రూపులోనే ఉన్నారు, నోరు మెదపరు. ‘నీకెందుకొచ్చిన గొడవ, పోస్టు తీసేసి ఊరుకో’ అంటున్నారు మావారు. నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఆఫీసులో వెక్కిరింపు అక్కడితో ఆగితే ఇంటికొచ్చి ఊపిరి పీల్చుకునేవారు. ఇది రాత్రి పదకొండింటికి దిండు పక్కనే మోగుతోంది. మీరు ఫోన్ బోర్లించి పెట్టి, మళ్లీ మీరే తిప్పి చూసుకుంటూ ఉండుంటారు. ‘జోకే కదా’ అనేవాళ్ల మాట పట్టించుకోకండి.

మీరు రాసింది వేరు, వాళ్లు చేస్తున్నది వేరు. మీ పోస్టును ఒకసారి నెమ్మదిగా చదవండి. మీకు జరిగిందే రాశారా, విన్నదీ కలిపారా? ఆఫీసు లోపలి లెక్కలేమైనా బయటపడ్డాయా? అలాంటివి ఉంటే కాపీ దాచుకుని తీసేయండి. అపాయింట్‌మెంట్ లెటర్‌లో సోషల్ మీడియా గురించి ఏం రాసుందో కూడా చూడండి. పోస్టులో తప్పుంటే హెచ్ఆర్ వాళ్లు పిలిచి అడుగుతారు. అంతేగానీ మీ ఫొటోతో ఆడుకునే హక్కు సహోద్యోగులకు రాదు.

గ్రూపులో మాత్రం ఒక్క మాటా తిరిగి అనకండి. అన్నారో, ‘ఇద్దరూ అనుకున్నారు’ అని తేల్చేస్తారు. బయటికీ రావద్దు, పని మెసేజ్‌లు అందులోనే వస్తుంటే రేపు ‘చెప్పాం, చూసుకోలేదు’ అంటారు. మ్యూట్ చేసి, ముందు స్క్రీన్‌షాట్లు తీయండి. పంపినవాళ్లు తమ మెసేజ్‌ను రెండు రోజుల దాకా అందరి ఫోన్లలోంచీ చెరిపేయగలరు, కాబట్టి ఆలస్యం వద్దు. తేదీ, సమయం, పంపినవాళ్ల నంబరు కనబడాలి. పేరొక్కటే ఉంటే ‘అది నువ్వు సేవ్ చేసుకున్న పేరేగా’ అంటారు. ఇవి ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కాకుండా మీ సొంత ఫోన్‌లో ఉంచుకోండి.

తర్వాత మేనేజర్‌కు నాలుగు వాక్యాల మెయిల్. ‘ఫలానా తేదీ నుంచి గ్రూపులో నా ఫొటోతో స్టిక్కర్లు పెడుతున్నారు. మీరూ గ్రూపులో ఉన్నారు. వెంటనే ఆపించండి. స్క్రీన్‌షాట్లు జత చేశాను.’ అంతే. జీతం గొడవ ఇందులో కలపకండి, దానికి వేరే మెయిల్ రాయండి. వారంలో కదలిక లేకపోతే అదే మెయిల్ హెచ్ఆర్‌కు పంపండి. ‘అది ప్రైవేటు గ్రూపు, మాకు సంబంధం లేదు’ అంటే తలూపి వచ్చేయకండి. 2019లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన 190వ ఒప్పందం, పనికి సంబంధించిన ఫోన్, ఆన్‌లైన్ సంభాషణల్లో జరిగే వేధింపులనూ పనిలో వేధింపుల కిందే లెక్కేసింది. నిద్రలేమి ఇలాగే సాగితే డాక్టర్‌ను కలవండి.

ఇక మీవారి సంగతి. ఆయన భయం మీ ఉద్యోగం గురించి కావచ్చు. అందుకే ఆయన నోట పోస్టు మాట తప్ప స్టిక్కర్ మాట రావడం లేదేమో. అసలు ఆయనకు ఆ స్టిక్కర్ చూపించారా? సిగ్గేసి దాచి ఉంటారని నా అనుమానం. ఈ రాత్రి ఫోన్ ఆయన చేతికివ్వండి. చూశాక, ఇద్దరూ కూర్చుని ఆ మెయిల్ రాయండి.