కొత్త ఇంటికి వెళ్లబోతున్న మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి అయిన మేనకోడలికి మీ అత్త ఆశీర్వదించి వ్రాయునది.

బోడుప్పల్‌లో మీరు విడి ఇల్లు కొన్నారనీ, శ్రావణంలో పాలు పొంగిస్తున్నారనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మన ఇంటి ఆడపిల్లల్లో సొంత సంపాదనతో ఇల్లు రిజిస్ట్రేషన్ చేయించుకున్న మొదటిదానివి నీవే. అయితే అల్లుడికి వారంలో సగం రాత్రి డ్యూటీలనీ, ఇంటి వెనుక అన్నీ ఖాళీ ప్లాట్లేననీ విన్న తర్వాత ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రాత్రిపూట గేటుకు తాళం, వాకిట్లో దీపం, కిటికీలకు గడియలు నీకు చెప్పనక్కరలేదు. కానీ ఆ ఇంటి తాళంచెవులు ఇంతవరకు అమ్మినవారి దగ్గర, అద్దెకున్నవారి దగ్గర, రంగులు వేసినవారి దగ్గర తిరిగి ఉంటాయి కాబట్టి, సామాను దింపకముందే తాళాలన్నీ మార్పించు. తలుపుకు బయట వేలాడే తాళంకప్ప ఎంత పెద్దదైనా దాని మీద భరోసా పెట్టుకోవద్దు. దొంగ తాళం జోలికి పోకుండా ఇనుప రాడ్‌తో గొళ్ళేన్నే పెకలిస్తాడు, పొట్టి మరలు కర్రను వదిలి వచ్చేస్తాయి. పైగా ఇంట్లో ఎవరూ లేరని ఆ తాళమే వీధికంతా చెబుతుంది. తలుపులోనే ఇమిడే తాళం పెట్టించి, గడియలకు తలుపు ఆవలి వరకు పోయే బోల్టులు వేసి లోపలి నుంచి నట్లు బిగించమను. మేడ మెట్ల తలుపునూ, బాత్రూం వెంటిలేటర్‌నూ చాలామంది మరచిపోతారు. ఆ వెంటిలేటర్ అద్దం పలకలను బయటి నుంచే ఒక్కొక్కటిగా లాగేయవచ్చు కాబట్టి లోపల చువ్వలు వేయించాలి.

ఇక ఈ ఉత్తరానికి అసలు కారణం చెబుతాను. మీ నాన్న ఎడమ ముంజేతి మీది మచ్చ స్కూటర్ మీద నుంచి పడినందువల్ల వచ్చిందని నీకు చెప్పాము. అది నిజం కాదు.

నీకప్పుడు మూడేళ్లు. వారాసిగూడలో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. సంక్రాంతికి ఊరు వెళ్లి, తెల్లవారుజామున కాచిగూడలో రైలు దిగి ఇల్లు చేరాము. వేసిన తాళం వేసినట్టే ఉంది, కానీ గొళ్ళెంతో సహా ఊడి పక్కకు వేలాడుతోంది. మరలు ఊడిన చోట ద్వారబంధం రంగు లేచి, లోపలి కర్ర తెల్లగా కనిపిస్తోంది. లోపల స్టీలు గిన్నె పడిన చప్పుడైంది. మీ నాన్న చేతిలోని సంచి పడేసి, ఎవడ్రా అంటూ లోపలికి పరుగెత్తాడు. లోపలున్నవాడు పారిపోవడానికి ఆ ఒక్క తలుపే దారి, ఆ దారికే మీ నాన్న అడ్డం నిలబడ్డాడు. వాడు రాడ్ విసిరాడు. తలకు తగలవలసిన దెబ్బ, చెయ్యి అడ్డం పెట్టడంతో చేతికి తగిలి ఎముక రెండు చోట్ల విరిగింది. నిన్ను ఎత్తుకొని గేటు దగ్గర నిలబడ్డ నన్ను తోసుకుంటూ వాడు వెళ్లిపోయాడు. మేము ఆసుపత్రిలో ఉండగా ఇరుగుపొరుగు వారు మంచి మనసుతోనే ఇల్లంతా ఊడ్చి, బీరువా తుడిచి సర్దిపెట్టారు. పోలీసులు వచ్చేసరికి వేలిముద్రలు తీసుకోవడానికి ఏమీ మిగల్లేదు.

బంధువులందరూ మీ నాన్న ధైర్యాన్ని మెచ్చుకున్నారు. నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. బీరువాలో పోయిన మీ అమ్మ గాజులు మళ్లీ చేయించుకున్నాము. దెబ్బ తలకు తగిలి ఉంటే ఏమి చేయించుకొనేవాళ్లం? నీదీ అదే ఆవేశం, అందుకే కోప్పడుతున్నాను. ఎప్పుడైనా ఇంటికి వచ్చేసరికి తలుపు తీసి ఉన్నా, గొళ్ళెం వంగి ఉన్నా గడప దాటవద్దు. పక్కింటికి వెళ్లి 112కు ఫోన్ చెయ్యి, వేలిముద్రలు, ఆధారాలు సేకరించే పోలీసుల క్లూస్ టీమ్ చూసేవరకు ఏ వస్తువునూ ముట్టుకోనివ్వవద్దు. రాత్రి ఇంట్లో అలికిడి అయితే, బిడ్డతో పడకగదిలో ఉండి గడియ వేసుకొని, దీపాలు వేసి, గట్టిగా కేకలు వేసి, అక్కడి నుంచే ఫోన్ చెయ్యి. వాడు పోవడానికి దారి వదిలెయ్యి తల్లీ. అందుకోసం పడకగది తలుపుకూ వీధి తలుపుకు వేసినంత గట్టి గడియ వేయించు, ఫోన్ ఆ గదిలోనే చార్జింగ్ పెట్టు.

ఊరికి వెళ్లేటప్పుడు స్టేషన్‌లో చెప్పి వెళ్లమని ప్రతి సంక్రాంతికీ పోలీసులు కోరుతూనే ఉంటారు, మొహమాటపడకుండా చెప్పు. గేటులో పేరుకున్న పేపర్లు, ముగ్గు లేని వాకిలి చూస్తే ఇల్లు ఖాళీ అని ఎవరికైనా అర్థమవుతుంది. పేపర్, పాలు ఆపించి, నాలుగు గీతలైనా ముగ్గు పెట్టమని పక్కింటి వారిని అడుగు. ప్రయాణం ఫొటోలు తిరిగి వచ్చాకే స్టేటస్‌లో పెట్టు. పోలీసుల ‘నేను సైతం’ కార్యక్రమం పేరిట నగరంలో కాలనీలు కలిసి కెమెరాలు పెట్టించుకున్నట్లు మీ వీధివారినీ కూడగట్టు. నీ ఇంటి కెమెరా రికార్డర్‌ను మాత్రం టీవీ పక్కన ఉంచవద్దు, దొంగలు దాన్ని కూడా పట్టుకుపోతారు.

బంగారం బ్యాంకు లాకర్‌లో పెట్టు. అయితే 2022 జనవరి 1 నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం, లాకర్‌లో దొంగతనం జరిగితే బ్యాంకు బాధ్యత లాకరు వార్షిక అద్దెకు 100 రెట్ల వరకే. అందువల్ల ప్రతి నగకూ ఫొటో తీసి, బరువు వ్రాసి, బిల్లులు జాగ్రత్త చెయ్యి.

పాలు పొంగించడానికి రెండు రోజుల ముందే వచ్చి వడ్రంగిని దగ్గరుండి పని చేయిస్తాను. తాళాలకూ గడియలకూ అయ్యే ఖర్చు నాది. గృహప్రవేశానికి నేనిచ్చే చదివింపు అదే, కాదనవద్దు.

ఆశీస్సులతో,
మీ అత్త