మిషెల్ లెగ్రాన్‌ని ఎక్కడ మొదలుపెట్టాలి? ఇళయరాజా వినేవాళ్లకు నచ్చుతారా?

మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను: ఈ ఫ్రెంచ్ సినిమా సంగీత దర్శకుడు నచ్చుతారు. పాట వింటూ గొంతును వదిలేసి, వెనకాల బేస్ గిటార్ ఎటు పోతోందో పట్టుకునే అలవాటు మీకుంటే మరీ నచ్చుతారు.

మొదలుపెట్టాల్సింది ‘ద విండ్‌మిల్స్ ఆఫ్ యువర్ మైండ్’తో అని నా సలహా. 1968లో వచ్చిన ‘ద థామస్ క్రౌన్ అఫైర్’ సినిమాలోది. ఇంగ్లీషు మాటలు రాసింది అలన్, మారిలిన్ బెర్గ్‌మన్ దంపతులు. సినిమాలో పాడింది నోయెల్ హారిసన్. ఆ మరుసటి ఏడాది లెగ్రాన్‌కు మొదటి ఆస్కార్ తెచ్చింది ఈ పాటే. ఎడీ మార్నే రాసిన ఫ్రెంచ్ మాటలతో లెగ్రాన్ స్వయంగా పాడిన రికార్డింగ్ కూడా ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. గొప్ప గొంతేమీ కాదు, కానీ ఎక్కడ నొక్కాలో ఎక్కడ వదిలేయాలో కట్టినవాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

ఈ పాట నాకు బాగా తెలియడానికి కారణం ఉంది. ఉద్యోగం మీద పారిస్ శివార్లలో ఉన్నప్పుడు ఆఫీసు స్నేహితుడొకడు వాళ్ల పేటలోని కోరస్ బృందానికి తీసుకెళ్లాడు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, రిటైరైనవాళ్లు వారానికోసారి కలిసి పాడుకుంటారు. పియానో వాయించే ఆవిడ రానప్పుడు నన్ను కూర్చోబెట్టేవారు. కాలేజీ రోజుల్లో గుంటూరు చుట్టుపక్కల పెళ్లిళ్లకూ వినాయక చవితి పందిళ్లకూ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించినవాణ్ని, ఏ పాటైనా విని నాలుగు కార్డులతో (కార్డు అంటే ఒకేసారి కలిపి నొక్కే స్వరాల గుంపు) లాక్కొచ్చేయొచ్చన్న ధీమా ఉండేది. లెగ్రాన్ దగ్గర ఆ ధీమా పనిచెయ్యదు.

ఎందుకంటే పాట ఇ మైనర్ కార్డుతో మొదలై, ఎ మైనర్, డి, జి, సి అంటూ తిరిగి చివరికి మళ్లీ ఇ మైనర్‌కే వస్తుంది. ప్రతి కార్డూ దాని తర్వాత వచ్చేదానికి ఇంచుమించు పంచమం, అంటే తర్వాతది ‘స’ అనుకుంటే ఇది ‘ప’. పైన ట్యూన్ చూస్తే ఒకే చిన్న ముక్క. సంగీతం మాస్టారి దగ్గర ‘సనిదప, నిదపమ, దపమగ’ అని వరుసలు పాడించినట్టే ఆ ముక్క మెట్టు మెట్టుగా కిందికి జారుతూ ఉంటుంది. మెట్టు మారినప్పుడల్లా కింద కార్డు మారుతుంది కాబట్టి విసుగు రాదు. పాడేవాళ్ల కష్టం వేరు, ఊపిరి పీల్చుకునే సందే ఉండదు. అందరూ ఒకేసారి ఆగకుండా వంతులవారీగా ఊపిరి తీసుకోమని మా బృందాన్ని నడిపించే ఆవిడ పెన్సిల్‌తో గుర్తులు పెట్టించింది. అయినా మూడో చరణానికి సగంమంది తప్పుకునేవారు.

‘కాపీ కదా?’ అనే ప్రశ్న మనవాళ్లు ఎలాగూ అడుగుతారు. పాట మొదటి ముక్కకూ, మోజార్ట్ 1779లో వయొలిన్, వయోలా, ఆర్కెస్ట్రా కోసం రాసిన సింఫోనియా కాన్చెర్టాంటేలోని నెమ్మది భాగానికీ పోలిక ఉన్న మాట నిజమే. తర్వాత అది వెళ్లే దారి మాత్రం పూర్తిగా ఈయనదే. ఆ సినిమాలో స్టీవ్ మెక్వీన్, ఫే డనవే చదరంగం ఆడే సీన్ కూడా చూడండి. మాటల్లేని ఆ ఆటను మోసేది సంగీతమే. ముందు సంగీతం రాస్తాను, దానికి తగ్గట్టు సినిమా ఎడిట్ చేసుకోండని దర్శకుడు నార్మన్ జ్యూయిసన్‌ను ఒప్పించిన మనిషి ఈయన. మన దగ్గర ఎడిటింగ్ అయ్యాక రీరికార్డింగ్ అనేదే రివాజు కదా, దానికి పూర్తిగా తలకిందులు!

ఇక మనిషి సంగతి. 1932లో పారిస్‌లో పుట్టారు. తండ్రి రేమండ్ లెగ్రాన్ పేరున్న ఆర్కెస్ట్రా నడిపేవాడు, కానీ పిల్లలు చిన్నగా ఉండగానే ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. పిల్లవాడు రేడియోలో విన్న పాటల్ని ఇంట్లో ఉన్న పాత పియానో మీద వెతుక్కునేవాడట. పదేళ్ల వయసులో, జర్మన్లు పారిస్‌ని ఆక్రమించుకుని ఉన్న రోజుల్లో, అక్కడి పెద్ద సంగీత కళాశాల పారిస్ కన్జర్వేటరీలో చేరాడు. అక్కడ నాడియా బూలాంజే శిష్యరికం దొరికింది. ఆ కాలంలో ఎందరో అమెరికన్ సంగీతకారులు కూడా వెతుక్కుంటూ వచ్చి నేర్చుకున్న గురువు ఆవిడ. శాస్త్రీయం అంత గట్టిగా నేర్చుకుని కూడా బయటికొచ్చాక ఆయన చేసింది పాటలవాళ్ల వెనక వాయించడం, వాద్యబృందాలకు పాటలు అరేంజ్ చేయడం. గాయకుడు మోరిస్ షెవాలియే దగ్గర పనిచేశాడు. 1956లో రచయిత బోరిస్ వియాన్ మాటలతో, ఆన్రీ సల్వడోర్ గొంతుతో కొన్ని వెటకారపు రాక్ అండ్ రోల్ పాటలు కట్టాడు, అదీ మారుపేరుతో. ఫ్రాన్సులో రాక్ దాదాపు జోక్‌గా మొదలైందన్నమాట. 1958లో న్యూయార్క్ వెళ్లి చేసిన జాజ్ రికార్డులో అమెరికన్ జాజ్ దిగ్గజాలు మైల్స్ డేవిస్, జాన్ కోల్ట్రేన్, పియానో మీద బిల్ ఎవాన్స్ వాయించారు. అప్పటికి లెగ్రాన్ వయసు 26.

ఇంత ఉన్నా, ఒక్కటే చూసే టైముంటే జాక్ దెమీ దర్శకత్వంలో చేసిన సినిమాలు చూడండి. 1964లో వచ్చిన ‘షెర్బూర్ గొడుగులు’లో మాట్లాడే మాట ఒక్కటీ లేదు. కారు రిపేరు, అప్పుల గొడవ, తల్లీకూతుళ్ల పోట్లాట, అన్నీ పాటే. గొడుగుల కొట్టు అమ్మాయి, గ్యారేజీ కుర్రాడు, మధ్యలో అల్జీరియా యుద్ధానికి పిలుపు: కథ ఇంతే. మొదటి సీన్‌లోనే ఒక మెకానిక్ తనకు ఆపెరా పడదనీ సినిమాయే ఇష్టమనీ అంటాడు, అదీ పాడుతూనే! పెట్టుబడి పెట్టడానికి నిర్మాతలు జంకితే చివరికి మాగ్ బోదార్ అనే ఆవిడ ముందుకొచ్చింది. షూటింగ్‌కు ముందే మొత్తం సినిమా సౌండ్‌ట్రాక్ రికార్డ్ చేసేశారు. కాత్రీన్ దెనవ్‌కు పాడింది డానియెల్ లికారి, ఆమె తల్లి పాత్రకు పాడింది లెగ్రాన్ అక్క క్రిస్టియాన్. ప్లేబ్యాక్ మనకు కొత్త కాదు గానీ, తొంభై నిమిషాల సినిమా మొత్తం ప్లేబ్యాక్ మీద నటించడం అంటే ఊహించండి. ఆ ఏడాది కాన్ చిత్రోత్సవంలో మొదటి బహుమతి దానికే వచ్చింది. మొదటి పావుగంట ఇబ్బందిగా ఉంటుంది, నాకూ అలాగే అనిపించింది. రైల్వే స్టేషన్ సీన్ దాకా ఓపిక పట్టండి, ఇంగ్లీషులో ‘ఐ విల్ వెయిట్ ఫర్ యూ’గా ప్రపంచమంతా తిరిగిన ట్యూన్ అక్కడ దొరుకుతుంది.

1967 నాటి ‘రోష్‌ఫోర్ అమ్మాయిలు’లో ఇంకో గమ్మత్తు చేశారు. ఒక నావికుడు తన కలల అమ్మాయి కోసం వెతుకుతూ ఒక పాట పాడతాడు. ఆ అమ్మాయి కూడా అదే ట్యూన్‌లో తన పాట పాడుకుంటుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు, కానీ ట్యూన్ వినే మనకు జంట ఖరారైపోతుంది. అదే ట్యూన్‌ను ‘యూ మస్ట్ బిలీవ్ ఇన్ స్ప్రింగ్’ పేరుతో బిల్ ఎవాన్స్ 1977లో వాయించాడు. సినిమా పాటగా ఒకసారి, జాజ్ పియానోగా ఒకసారి వినండి. ట్యూన్ గట్టిదైతే మాటలు తీసేసినా నిలబడుతుందనడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇదే.

అంతా అమృతమేమీ కాదు. 1971 నాటి ‘సమర్ ఆఫ్ 42’ సంగీతానికి రెండో ఆస్కార్ వచ్చింది గానీ, ఆ వయొలిన్ల తీపి నాకు ఎక్కువైపోతుంది. బార్బ్రా స్ట్రైసాండ్ 1983లో తీసి నటించిన ‘యెంటెల్’కు మూడోది. అందులో పాటలు కథలోంచి పుట్టినవి కాబట్టి మెరుగు. ఫ్రెంచ్ దర్శకులు గొదార్ సినిమాలకూ, ఆన్యెస్ వార్దా ‘క్లియో 5 నుంచి 7’ (1962)కూ చేసిన పని వీటికంటే నాకు ఇష్టం. క్లియోలో ఈయనే పియానో వాయించే బాబ్‌గా నటించి అల్లరి కూడా చేశారు. అల్లరి మధ్యలో ఉన్నట్టుండి ‘సాన్ త్వా’ పాట వస్తుంది, దాన్ని మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. 2019 జనవరిలో, 86 ఏళ్ల వయసులో పోయేదాకా పని ఆపలేదు.

మీరు కీబోర్డు వాయించేవారైతే ఒక చిన్న సూచన: కుడిచేతి ట్యూన్ జోలికి పోకుండా, ‘విండ్‌మిల్స్’ కార్డులు ఎడమచేత్తో నెమ్మదిగా కంఠతా పట్టండి. ట్యూన్ ఎలాగూ చెవిలో ఉంటుంది. చెయ్యి తడబడేది సి తర్వాత ఎఫ్ షార్ప్ హాఫ్ డిమినిష్డ్ అనే కార్డు దగ్గర, అక్కడ మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) స్పీడ్ సగానికి తగ్గించుకోండి.