నాన్నగారి చేతికి టీడీసీఎస్ మెషిన్ కొనాలా?

స్ట్రోక్ వచ్చి ఐదు నెలలైనా నాన్నగారి కుడిచెయ్యి సరిగా లేవట్లేదు, వేళ్లు మాత్రం కొద్దిగా కదులుతున్నాయి, ఆన్‌లైన్‌లో టీడీసీఎస్ మెషిన్ (తల మీద నుంచి మెదడుకు సన్నటి కరెంటు పంపేది) కొనాలా అని అడిగారు కదండీ. నేనైతే వద్దంటాను.

ఉప్పునీటిలో తడిపిన స్పాంజీలు తలకు పెట్టి, 20 నిమిషాల పాటు 1–2 మిల్లీయాంపియర్ల కరెంటు పంపుతారు. షాక్ కొట్టదు, కాస్త చురచుర అంతే. కానీ చేతికి మళ్లీ పని నేర్పాల్సింది వ్యాయామమే. అమెరికాలో ట్రాన్స్‌పోర్ట్2 అనే ట్రయల్‌లో స్ట్రోక్ వచ్చినవాళ్లకు 4 మిల్లీయాంపియర్ల దాకా ఇచ్చి చూశారు. ప్రమాదం కనిపించలేదు, అలాగని చేతి వ్యాయామంతో వచ్చిన దానికి మించి లాభమూ తేలలేదు.

ఎక్కడైనా చేయిద్దామనుకుంటే ఫిట్స్, పుర్రె ఆపరేషన్, పేస్‌మేకర్ సంగతి న్యూరాలజిస్టుకు ముందే చెప్పండి. ఆ డబ్బు ఫిజియోథెరపీకి పెట్టండి. అన్నం ఆయన్ని ఆ చేత్తోనే కలుపుకోనివ్వండి, ఎంత చిందినా సరే.