స్టీరింగ్ మోటార్ ఎలా తీస్తావని అడిగితే మావాడు చెప్పలేకపోయాడు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అబ్బాయి టెన్త్ తర్వాత నల్లగొండలో ఐటీఐ, మోటార్ మెకానిక్ ట్రేడ్ పూర్తి చేశాడు. సెలవుల్లో మిర్యాలగూడలో ఒక లారీ షెడ్డులో పని నేర్చుకున్నాడు. మొన్న హైదరాబాద్‌లో ఒక కార్ల సర్వీస్ సెంటర్‌లో అప్రెంటిస్‌షిప్ ఇంటర్వ్యూకు పోయాడు. ‘స్టీరింగ్ గేర్ నుంచి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ మోటార్ ఎలా తీస్తావు?’ అని అడిగారట. బోల్టులు విప్పి తీస్తానన్నాడు. వాళ్లు నవ్వి, నేర్చుకుని వచ్చే నెల మళ్లీ రమ్మన్నారు. అప్పటి నుంచి ఈ లైనే వద్దు, ఓపెన్‌లో ఇంటర్ కట్టి డిగ్రీ చేస్తానంటున్నాడు. చేయనివ్వాలా? షెడ్డు మేస్త్రీ మాత్రం మంచి టూల్ కిట్ కొనివ్వమంటున్నాడు. కొనాలా?
- ఒక తండ్రి, దేవరకొండ

జవాబు: మీ అబ్బాయి చెప్పింది తప్పు కాదు, సగమే చెప్పాడు. స్టీరింగ్ తేలిగ్గా తిరిగేలా సాయపడే ఆ మోటార్‌ను గేర్‌కు, అంటే స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు చేర్చే భాగానికి, పట్టి ఉంచేవి చాలా బండ్లలో నిజంగానే రెండో మూడో బోల్టులు. పానా పట్టడం వచ్చినవాడికి వాటిని విప్పడం పెద్ద పని కాదు. కానీ అడిగినవాళ్లకు కావలసింది బోల్టుల సంగతి కాదు. ‘అసలు దాన్ని ఎందుకు తీయాల్సి వచ్చింది సార్? బండి కంప్లయింట్ ఏమిటి?’ అని వాడు ఎదురు అడిగి ఉంటే అక్కడికక్కడే తీసుకునేవాళ్లేమో.

వాడు ఎక్కడ తడబడ్డాడో నాకు అర్థమవుతోంది. మిర్యాలగూడ రైస్‌మిల్లుల చుట్టూ తిరిగే లారీల్లో ఎక్కువగా హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉంటుంది. ఇంజిన్‌తో తిరిగే పంపు, ఆయిల్, గొట్టాలు. లీకైతే కంటికి కనపడుతుంది, పంపు పాడైతే మోత చెవిన పడుతుంది. ఎలక్ట్రిక్ స్టీరింగ్‌లో అవేవీ ఉండవు. డ్రైవర్ స్టీరింగ్ తిప్పినప్పుడు లోపల ఒక సన్నటి కడ్డీ కాస్త మెలి తిరుగుతుంది. ఆ మెలికను టార్క్ సెన్సర్ కొలుస్తుంది. దాన్నీ బండి స్పీడునూ చూసుకుని, మోటార్‌కు ఎంత కరెంటు పంపాలో కంట్రోల్ యూనిట్ లెక్క కడుతుంది. 1988లో జపాన్‌లో సుజుకీ సెర్వో అనే చిన్న కారులో వచ్చిన ఈ పద్ధతి ఇప్పుడు మన దగ్గర కొత్త కార్లలో మామూలైపోయింది.

కాబట్టి స్టీరింగ్ బరువైందని బండి వస్తే ముందు మోటార్ మీద పడకూడదు. టైర్లలో గాలి సరిగ్గా ఉందా, బ్యాటరీ వోల్టేజ్ పడిపోయిందా, ఫ్యూజు, ఎర్త్ వైరు బాగున్నాయా, కనెక్టర్‌లోకి నీళ్లు పోయి పచ్చగా చిలుము పట్టిందా అని చూడాలి. స్కానర్ పెట్టి, బండి కంప్యూటర్‌లో నమోదైన లోపం కోడ్ చదవాలి. ఇరుకు సందులో బండిని అటూ ఇటూ ఆఖరిదాకా పదేపదే తిప్పితే మోటార్ వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి సాయం తగ్గించుకుంటుంది. కాసేపు ఆగితే మామూలైపోతుంది. ఇవేవీ చూడకుండా మోటార్ ఊడదీసినవాడు కస్టమర్ డబ్బులూ తన పరువూ రెండూ పోగొట్టుకుంటాడు.

రెండో సంగతి, మోటార్ ఎక్కడుందన్నది. చాలా చిన్న కార్లలో అది డాష్‌బోర్డు కింద స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రం నుంచి కిందికి దిగే కడ్డీ) మీదే ఉంటుంది. వాళ్లు అడిగింది గేర్ మీద, అంటే బండి కింద ర్యాక్‌కు (చక్రాలను అటూ ఇటూ నెట్టే పళ్ల కడ్డీకి) బిగించి ఉండే రకం గురించి. అందులోనూ తేడాలున్నాయి. కొన్నింట్లో మోటార్ ఇంకో పినియన్‌ను (చిన్న పళ్ల చక్రాన్ని) తిప్పుతుంది. కొన్నింట్లో బెల్టు, బాల్ స్క్రూ ద్వారా ర్యాక్‌ను నెడుతుంది. బెల్టు రకంలో తిరిగి బిగించేటప్పుడు బెల్టు బిగువు కొలత ప్రకారం పెట్టాలి. అందుకే చాలా బండ్లకు కంపెనీ మోటార్‌ను విడిగా అమ్మదు, గేర్ మొత్తం మార్చమంటుంది. ‘ముందు సర్వీస్ మాన్యువల్‌లో మోటార్ విడిగా తీయొచ్చా లేదా చూస్తాను’ అనడం కూడా ఆ ప్రశ్నకు సరైన జవాబే. నా లెక్కలో మంచి జవాబు కూడా.

తీయొచ్చని మాన్యువల్ చెబితే వరస ఇలా ఉంటుంది. వాడికి చదివి వినిపించండి. చక్రాలు తిన్నగా ముందుకు ఉండేలా పెట్టి, స్టీరింగ్ తిరగకుండా కట్టాలి. గేర్‌తో ఉన్న బంధం ఊడిన తర్వాత స్టీరింగ్ వట్టిగా గిర్రున తిరిగితే ఎయిర్‌బ్యాగ్ వైరు చుట్ట తెగిపోతుంది. తర్వాత ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగెటివ్ తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి. ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లో కరెంటు కొంతసేపు నిలవ ఉంటుంది కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు. చాలా బండ్లలో మోటార్ సబ్‌ఫ్రేమ్ (బండి అడుగున ఉండే ఇనుప చట్రం) మాటున ఉంటుంది, చెయ్యి పట్టదు. అప్పుడు ర్యాక్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు విడదీసి, కాలమ్ నుంచి వచ్చే షాఫ్టు జాయింట్ దగ్గర పెయింటుతో గుర్తు పెట్టుకుని, గేర్‌ను కిందికి దించాలి.

ఇక అసలు చోటు. మోటార్ అంచు చుట్టూ మట్టి, గ్రీజు శుభ్రంగా తుడిచాకే బోల్టులు విప్పాలి, ఇసుక రేణువు ఒక్కటి లోపల పడినా గేర్ పళ్లు తినేస్తుంది. కనెక్టర్ల లాక్ నొక్కి తీయాలి, వైరు పట్టి గుంజకూడదు. మోటార్‌ను వంచకుండా తిన్నగా వెనక్కి లాగాలి. రాకపోతే సుత్తి దెబ్బలు వద్దు. లారీ షెడ్డులో అలవాటైన చెయ్యి మొదట సుత్తి కోసమే వెతుకుతుంది, అందుకే గట్టిగా చెబుతున్నాను. మోటార్ లోపల అయస్కాంతాలు, సెన్సర్ ఉంటాయి. కింద పడేసిన మోటార్‌ను తిరిగి బిగించకూడదు. షాఫ్టు మధ్యలో చిన్న కప్లింగ్ ఉంటే అది మోటార్‌తో వచ్చిందా, గేర్‌లోనే ఉండిపోయిందా చూసుకోవాలి. ఓ-రింగు (సందు మూసే రబ్బరు ఉంగరం) కొత్తది వేయాలి, లేదంటే తొలి వానకే నీళ్లు దిగుతాయి.

బిగించడం బిగువు కొలిచి చూపే టార్క్ రెంచ్‌తోనే, మాన్యువల్ ఇచ్చిన లెక్క ప్రకారం. ఒకసారి వాడి పారేయమన్న బోల్టును మళ్లీ వాడకూడదు. ఆ తర్వాత స్కానర్‌తో టార్క్ సెన్సర్, స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ సున్నా పాయింటు సెట్ చేయాలి. కంట్రోల్ యూనిట్ మోటార్‌తో కలిసే ఉండే రకమైతే కొత్తదానికి బండి వివరాలు ఎక్కించాలి. వీల్ అలైన్‌మెంట్, ట్రయల్, అప్పుడు జాబ్ కార్డు మీద సంతకం. ఇది చేయకుండా వదిలేస్తే బండి ఒక పక్కకు లాగుతుంది, లేదా డాష్‌బోర్డులో స్టీరింగ్ లైటు ఆరదు.

ఇంత చెప్పాక మీ అసలు ప్రశ్నకు వస్తాను. ఓపెన్ ఇంటర్ వద్దు. ఇంటర్, ఆపైన డిగ్రీ అంటే ఐదేళ్లకు దగ్గర. ఆ ఐదేళ్ల చివర వాడి దగ్గర ఏ పని ఉంటుందో నాకు కనిపించడం లేదు. ఒక ఇంటర్వ్యూలో నవ్వారని రెండేళ్ల చదువు పక్కన పెట్టడం రోషం, ప్లాను కాదు. పైగా వాళ్లు పొమ్మనలేదు, మళ్లీ రమ్మన్నారు.

అప్రెంటిస్‌షిప్‌కే పంపండి. కేంద్రం పోర్టల్‌లో రిజిస్టరైన కాంట్రాక్టుతోనే చేరాలి. అలాగైతేనే చివర పరీక్ష రాసి నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. ఊరికే హెల్పర్‌గా పెట్టుకుని కార్లు కడిగించే చోట్లూ ఉన్నాయి, చేరేముందు కాగితం చూడండి. స్టైపెండ్‌తో హైదరాబాద్‌లో గది, తిండి వెళ్లదీయడం కష్టమే. మొదటి ఏడాది మీరు నెలనెలా కొంత సర్దాల్సి వస్తుంది. ఆర్టీసీ కూడా ఐటీఐ పిల్లలను అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది. కానీ మీవాడికి లారీ షెడ్డు అనుభవం ఇప్పటికే ఉంది. కొత్తగా నేర్చుకోవాల్సింది వైరింగ్, స్కానరు. అవి కార్ల దగ్గర త్వరగా వస్తాయి.

చదువు మీద నిజంగా మనసుంటే దారి ఇంకోటి ఉంది. రెండేళ్ల ఐటీఐ చేసి బ్రిడ్జి కోర్సు పాసైనవాళ్లు ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిలో చేరొచ్చు. మార్కుల నిబంధన ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. ఆటోమొబైల్ డిప్లొమా ఉంటే సర్వీస్ అడ్వైజర్, ఫ్లోర్ సూపర్‌వైజర్ లాంటి మెట్లు తొందరగా ఎక్కొచ్చు. సర్కారు కొలువు మీద మీకు ఆశ ఉంటే, అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ పోస్టులకు ఆ డిప్లొమా పనికొస్తుంది. 2022లో మన రాష్ట్రంలో 113 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. అవి ఎప్పుడో ఒకసారి పడతాయి, వాటి కోసం ఖాళీగా కూర్చోబెట్టకండి.

వాడికి అడ్డం వచ్చేది పని కాదు, మాన్యువల్ అనుకుంటాను. అదంతా ఇంగ్లిష్‌లో ఉంటుంది. తెలుగు మీడియం పిల్లలు పేజీ చూడగానే టెన్షన్ పడి మూసేస్తారు. వ్యాసాలు రాసేంత ఇంగ్లిష్ అక్కర్లేదు. ‘తిరిగి వాడకు’, ‘గుర్తు పెట్టు’, ‘ఇంత టార్క్‌తో బిగించు’ లాంటి మాటలు కొన్ని వందల లోపే ఉంటాయి, అవే పేజీ పేజీకి తిరిగొస్తాయి. ఈ నెల రోజులు నల్లగొండ ఐటీఐకి పోయి, తనకు చెప్పిన ఇన్‌స్ట్రక్టర్ దగ్గర కూర్చుని స్టీరింగ్, బ్రేకులు, బ్యాటరీ పాఠాలు ఆ భాషలోనే చదువుకోమనండి. తమ దగ్గరికి తిరిగొచ్చిన పిల్లాడిని కాదనే ఇన్‌స్ట్రక్టర్లు తక్కువ.

టూల్ కిట్ ఇప్పుడు కొనకండి. సర్వీస్ సెంటర్‌లో పానాలు, టార్క్ రెంచ్, స్కానర్ అన్నీ వాళ్లవే ఉంటాయి. మేస్త్రీ మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు, కానీ ఆ సలహా సొంత షెడ్డు పెట్టేవాడికి. ఒక డిజిటల్ మల్టీమీటర్, ఒక జత సేఫ్టీ బూట్లు కొనివ్వండి. ఇంటర్వ్యూకు మళ్లీ పోయేలోపు మీ ఊళ్లో ఏ ట్రాక్టర్ బ్యాటరీ దొరికినా వోల్టేజ్ కొలిచి రాసుకోమనండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు ఒకసారి, స్టార్ట్ చేసేటప్పుడు ఒకసారి, నడుస్తున్నప్పుడు ఒకసారి.