కవిటి ఒకటి, సోంపేట మూడా?

ప్రశ్న: సార్, కాలేజీ ప్రాజెక్టు కోసం పలాస వైపు జీడిపప్పు ధరలు సేకరించాను. మండలం, గ్రేడు, వ్యాపారి కాలమ్‌లను లేబుల్ ఎన్‌కోడర్‌తో అంకెల్లోకి మార్చి లీనియర్ రిగ్రెషన్ నడిపితే ఫలితాలు అడ్డదిడ్డంగా వస్తున్నాయి. ఇప్పుడు పేర్లు లేవు కాబట్టి ఫైలు ఆన్‌లైన్‌లో పెట్టేయొచ్చా?
– డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ప్రాజెక్టుల సీజన్ వస్తే చాలు, ఇదే గోల. ఆ ఎన్‌కోడర్ ఇంగ్లిష్ అక్షరక్రమంలో ఇచ్ఛాపురానికి 0, కవిటికి 1, పలాసకి 2, సోంపేటకి 3 వేసేస్తుంది. ధరని అంచనా వేసే రిగ్రెషన్ దాన్ని కొలతే అనుకుంటుంది, సోంపేట కవిటికి మూడింతలన్నట్టు లెక్క కడుతుంది. లేబుల్ ఎన్‌కోడర్‌ని అంచనా వేయాల్సిన కాలమ్‌కే వాడాలని, అది ఉన్న పైథాన్ లైబ్రరీ సైకిట్-లెర్న్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. చదివేదెవరు? మండలానికి వన్-హాట్ వాడండి, అంటే ఒక్కో మండలానికి ఒక్కో కాలమ్ పెట్టి, అవునంటే 1, కాదంటే 0 వేయడం. అందులో ఒక కాలమ్ తీసేయండి.

గ్రేడు సంగతి వేరు. డబ్ల్యూ180, 240, 320 అంటే పౌండుకి సుమారు ఎన్ని పప్పులు తూగుతాయో ఆ లెక్క. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది. ఇక్కడ నిజంగానే వరస ఉంది కాబట్టి వరస ప్రకారం అంకెలు వేసే ఆర్డినల్ ఎన్‌కోడర్ సరిపోతుంది, కానీ వరస మీరే రాసివ్వాలి. దానికే వదిలేస్తే ‘ఎస్’ అని రాసిన బద్దలు అక్షరక్రమంలో డబ్ల్యూ180 కంటే ముందుకెళ్లి కూర్చుంటాయి!

నాకు భయం వేసింది మీ రెండో ప్రశ్న చూసి. పైథాన్ లైబ్రరీ పాండాస్‌లో వన్-హాట్ చేసే గెట్-డమ్మీస్ కొట్టి చూడండి, వ్యాపారి పేరు నేరుగా కాలమ్ శీర్షికలోకి ఎక్కుతుంది. పేరు బదులు 7 అని వేసినా, తేదీ, గ్రేడు, ఎన్ని బస్తాలు అన్నవి పక్కనే ఉంటే ఆ ఏడో నంబరు ఎవరో కాశీబుగ్గలో ఇట్టే చెప్పేస్తారు. మిమ్మల్ని నమ్మి ధర చెప్పినాయన బేరం పోటీదారు చేతిలో పడుతుంది. ‘ఫైలు ఇవ్వండి, ఉచితంగా మార్చిపెడతాం’ అనే సైట్ల జోలికి అసలు పోవద్దు. రెండు లైన్ల కోడ్ పనికి ఊరందరి లెక్కలూ ముక్కూమొహం తెలియని సర్వర్‌కి అప్పగిస్తారా? వ్యాపారి కాలమ్ తీసేసి, తేదీలను నెలలుగా మార్చి, బస్తాల లెక్క దాచి, అప్పుడు ఆలోచించండి.

అసలు తిట్టాల్సింది ఫారాలు తయారుచేసేవాళ్లని. జిల్లా దగ్గర ఖాళీ పెట్టె వదిలేస్తారు. ఒకరు సిక్కోలు అంటారు, ఒకరు శ్రీకాకుళం అంటారు, మరొకరు చివర స్పేస్ కొడతారు. ఒకే జిల్లాకి మూడు కాలమ్‌లు! పైగా 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. మీ ఫైల్లో జిల్లా కాలమ్ కూడా ఉండి, ధరలు అంతకుముందువి కూడా ఉంటే ఆ కాలమ్ పీకేయండి, మండలం చాలు.