పెద్ద జర్నల్‌లో వచ్చిన స్టడీ అయితే నమ్మేయొచ్చా?

మీ నాన్నగారి షుగర్ గురించి "అధ్యయనంలో తేలింది" అంటూ రోజుకో వార్త వస్తోంది, దేన్ని నమ్మాలి, పేరున్న జర్నల్‌లో, అంటే పరిశోధనలు ప్రచురించే పత్రికలో వస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. ఆ లెక్కలు ఎక్కడి నుంచి వచ్చాయి, వాటిని బయటివాళ్లు సరిచూసే వీలుందా అన్నది జర్నల్ పేరు కంటే ముఖ్యం.

నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో క్లినికల్ ట్రయల్ (మందులను మనుషుల మీద పరీక్షించే స్టడీ) కోఆర్డినేటర్‌గా పనిచేశాను. ఒక్క పేషెంట్ వివరాలు పూర్తిగా రాబట్టడమే పెద్ద పని. కేస్ షీట్‌లో బరువు రాసి ఉండదు, ల్యాబ్ రిపోర్టు మీద ఒక తేదీ, మా రిజిస్టర్‌లో ఇంకో తేదీ, సిగరెట్ అలవాటు ఉందా అన్నచోట ఖాళీ, మళ్లీ చెకప్‌కి రమ్మంటే వరికోతలని ఊరెళ్లిపోయి ఫోన్ ఎత్తనివాళ్లు కొందరు. అందుకే ఏ పరిశోధన పేపర్ చూసినా, మధ్యలో మానేసినవాళ్లు ఎంతమంది, వాళ్లని లెక్కలో ఏం చేశారు అన్నది ముందు వెతుకుతాను. పెద్ద ట్రయల్‌లో ఒక్కరూ మానలేదంటే నాకు అనుమానమే.

2020 మే 22న లాన్సెట్ అనే పేరున్న వైద్య జర్నల్‌లో హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు మీద ఒక పేపర్ వచ్చింది. 671 ఆసుపత్రులు, 96,032 మంది కోవిడ్ పేషెంట్లు, ఆ మందు వాడినవాళ్లలో మరణాలు ఎక్కువని. ఆ దెబ్బకి ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌లో ఆ మందును కొన్నాళ్లు ఆపేసింది. కానీ ఏప్రిల్ 21 నాటికి ఆస్ట్రేలియాలో 73 మంది చనిపోయారని పేపర్‌లో ఉంటే, అప్పటికి అక్కడ దేశం మొత్తం మీద నమోదైనవే 67! డేటా ఇచ్చిన సర్జిస్ఫియర్ అనే కంపెనీ అసలు రికార్డులు చూపించలేదు. జూన్ 4న పేపర్ వెనక్కి తీసుకున్నారు. ఆ మర్నాడే బ్రిటన్‌లో 'రికవరీ' అనే ట్రయల్ చేస్తున్నవాళ్లు, పేషెంట్లను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఈ మందు వల్ల మరణాలు తగ్గలేదని తేల్చారు. మందు పనిచేయదన్నది నిజమే అయినా, చూపించలేని లెక్కలతో చెప్పినదాన్ని నేను సాక్ష్యంగా తీసుకోను.

ఇంకోటి, ఏం కొలుస్తారో ముందే చెప్పారా అన్నది. 2015లో జాన్ బొహానన్ అనే జర్నలిస్టు, చెత్త స్టడీ ఎంత తేలిగ్గా వార్తయిపోతుందో చూపించడానికి చాక్లెట్ మీద కావాలనే ఒకటి చేశాడు. 15 మంది మనుషులు, 18 రకాల కొలతలు. అన్ని కొలిస్తే ఏదో ఒకదాంట్లో ఊరికే తేడా కనిపించే అవకాశం చాలా ఎక్కువ. చాక్లెట్ తింటే బరువు త్వరగా తగ్గుతారని దేశదేశాల వార్తాపత్రికలు వేసేశాయి. మన దేశంలో మందుల ట్రయల్స్‌ను ముందుగానే సీటీఆర్ఐ అనే జాతీయ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి. అది ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అక్కడ ముఖ్య ఫలితంగా రాసింది ఒకటి, పేపర్‌లో గొప్పగా చెప్పుకున్నది ఇంకొకటి అయితే జాగ్రత్తపడండి.

"రిస్క్ సగానికి తగ్గింది" అంటే మాత్రం 100 మందిలో ఎంతమంది నుంచి ఎంతమందికి అని చూడండి. 2 నుంచి 1కి తగ్గినా సగమే, 40 నుంచి 20కి తగ్గినా సగమే. ఏ వార్త చూసినా డాక్టర్‌ని అడక్కుండా నాన్నగారి టాబ్లెట్లు ఆపించకండి. మిమ్మల్ని బాగా టెన్షన్ పెట్టిన స్టడీ పేరు చెప్పండి, రిజిస్ట్రీలో ఏం రాశారో నేనూ చూస్తాను.